అట్ట వెనక రాసిన పేర్లు

మూడేళ్ల కిందట వానలు వెనకబట్టిన రోజుల్లో, సీతంపేట కొండల వైపు గూడ నుంచి ఒక సవర మామ్మ మా బడికి వచ్చింది. కొంగుముడి విప్పి రెండు ఫోటోలు మా బల్ల మీద పెట్టింది. ఒకటి పాతది. చెద తిన్న అంచులు, మధ్యలో అడ్డంగా చిరుగు, సగం రాలిపోయిన బొమ్మ. రెండోది కొత్తది, తళతళలాడే రంగుల కాగితం. పాత ఫోటోను పట్నంలో ఒక స్టూడియోకి ఇచ్చి మనవడు బాగు చేయించాడట.

“మేస్టారూ, సూడండి. ఈవిడ మా అమ్మలాగే ఉన్నాది గానీ మా అమ్మ కాదు” అంది.

మేము రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పాతదానిలో ఆమె తల్లి గడ్డం మీద పచ్చబొట్లు ఉన్నాయి. చెవితమ్మెలు సాగి, పెద్ద కన్నాల్లో కర్ర బిళ్లలు ఉన్నాయి. కొత్తదానిలో పచ్చబొట్లు లేవు. చెవికన్నాలు పూడిపోయాయి. ఒంటి రంగు తెల్లబడింది. నుదుట ఎర్రటి బొట్టు పుట్టుకొచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు పచ్చబొట్లను మరకలనుకున్నాడు. చెవికన్నాలను చిరుగులనుకున్నాడు. అతడి మనసులో చెడు లేదు. మన మనుషులు ఎలా ఉంటారో అతడికి తెలియదు, అంతే.

“దీనికి వెనక అట్ట ఉండాలే, ఏదీ?” అని అడిగాం. స్టూడియోలో నీళ్లలో నానబెట్టి ఫోటో ఊడదీసి, అట్టను పారేశారట. ఆ అట్ట వెనక అప్పట్లో ఊరికి వచ్చిన ఒక మాస్టారు పెన్సిలుతో అందరి పేర్లూ, ఊరి పేరూ, ఏడాదీ రాశారట. అందులో మామ్మ తల్లికి సవర పేరే ఉందట. తరువాత వచ్చిన కాగితాలన్నిటిలోనూ ఆమెకు వేరే పేరు, పలకడానికి అధికారులకు వీలుగా ఉండే తెలుగు పేరు. సొంత పేరు రాసి ఉన్న కాగితం లోకంలో అదొక్కటే. అది చెత్తబుట్టలో పోయింది.

ఆ రోజు నుంచి పాత ఫోటోల గురించి మేము తెలుసుకోవడం మొదలుపెట్టాం. తెలుసుకున్నది మన పిల్లలకూ, తోటి ఉపాధ్యాయులకూ చెప్పాలనే ఈ వ్యాసం. ఇది ఫోటోల సంగతి మాత్రమే అనుకోవద్దు, మన చరిత్ర సంగతి కూడా.

మన ముఖాలు ఎవరు తీశారు?

మన కొండల్లోకి కెమెరా మన కోసం రాలేదు. 1857 తిరుగుబాటు తరువాత ఈ దేశపు ప్రజలెవరో తెలుసుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వం అనుకుంది. 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చువేసింది. వాటిలో నాలుగు వందలకు పైగా ఫోటోలున్నాయి. అవి అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మలు కావు. నిజమైన ఫోటోలను ఒక్కొక్కటిగా పేజీలకు అంటించారు. చాలా ఫోటోల కింద ఉన్నది కులం పేరో, తెగ పేరో. మనిషి పేరు అరుదు.

మన ప్రాంతానికి వస్తే, 1880లలో ఫ్రెడ్ ఫాసెట్ అనే పోలీసు అధికారి సవరల మీద వ్యాసం రాశాడు. ఆ తరువాత మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె.రంగాచారితో కలిసి 1909లో ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ ఏడు సంపుటాలు వెలువరించాడు. థర్‌స్టన్ ఫోటోలు తీయించడంతో ఆగలేదు. ముక్కు పొడవు, తల పొడవు కూడా కొలిచాడు. ఆ కొలత సామాను చూసి జనం బెదిరి పారిపోయిన సంగతులు ఆయనే రాసుకున్నాడు. అలా నిలబెట్టి తీసిన ఫోటోలో మనిషి నవ్వకపోతే ఆశ్చర్యమేముంది?

1940లలో వెరియర్ ఎల్విన్ గంజాం, కొరాపుట్ కొండల్లో సవరల మధ్య తిరిగాడు. 1955లో ‘ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్’ అనే పెద్ద పుస్తకం తెచ్చాడు. అందులో మన గోడబొమ్మలకూ చోటిచ్చాడు. ఆయన చూపు థర్‌స్టన్ చూపు కంటే దగ్గరిది. అయినా ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది, మన గూడలకు చేరలేదు. ఆ ఫోటోలలో ఉన్నవారి మనవలకు తమ తాత ఏ పుటలో ఉన్నాడో తెలియదు.

ప్రతి ఏటా ఆగస్టు 29న మన బడుల్లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫోటోకి దండ వేస్తాం. వేయవలసిందే. 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో సవర - ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. అయితే ఆయనకు సవర నేర్పినవారు సవరలే కదా. ఆయనను ఇంటి దగ్గర కూర్చోబెట్టి ఒక్కో మాటా పలికించిన ఆ గురువుల ఫోటో మన బడి గోడ మీద లేదు. పంతులు గారి ఫోటో పక్కన ఆ ఖాళీ చోటును కూడా పిల్లలకు చూపించాలి.

ఇంట్లో ఉన్నవీ ఎందుకు మిగల్లేదు?

మన ఇళ్లలో పాత ఫోటోలు తక్కువ. డబ్బు లేక ఒక కారణం. ఫోటో తీయించుకోవాలంటే చింతపండో, పసుపో, కొండచీపుర్లో సంతలో అమ్మి, పార్వతీపురమో పాలకొండో పోవాలి. ఇంకో కారణం భయం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజన సంఘం సభకు వెళుతున్నవారి మీద కాల్పులు జరిగి కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తరువాత రెండు మూడేళ్లు ఈ కొండల్లో పోలీసు క్యాంపులు, గాలింపులు. ఆ రోజుల్లో ఇంట్లో ఫోటో ఉంటే అందులో ఉన్నవాడు ఎవడు, ఇప్పుడెక్కడున్నాడు అని అడిగేవారని మా పెద్దలు చెప్పేవారు. అందుకని కొందరు ఫోటోలను కుండల్లో పెట్టి పాతిపెట్టారు. కొందరు చూరులో దోపారు. కొందరు పొయ్యిలో వేశారు. చూరులో దోపినవాటిని చెద తింది. పాతిపెట్టినవి చెమ్మకు పోయాయి.

అందుచేత మన దగ్గర మిగిలిన ప్రతి ఫోటో తప్పించుకుని బతికి బయటపడ్డదే. దాన్ని బాగుచేసే పేరుతో మనమే చంపకూడదు.

అట్ట మీద ఎందుకు అంటించేవారు?

1850లో ఫ్రాన్సులో బ్లాంకార్ ఎవ్‌రార్ అనే ఆయన కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ఫోటో అచ్చువేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ కాగితం చాలా పలచన. ఊరికే ఉంచితే చుట్టుకుపోతుంది. అందుకే దాన్ని దళసరి అట్టకు గంజితోనో జిగురుతోనో అంటించేవారు. తరువాత తెల్లసొన పోయి జెలటిన్ వచ్చింది. జెలటిన్ అంటే పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే జిగురు. కాగితం కొంచెం మందమైంది. అయినా అట్ట వేసే అలవాటు చాలాకాలం సాగింది. మన ప్రాంతంలో 1960లలో తీసిన బడి గ్రూపు ఫోటోలకూ బూడిదరంగు అట్ట కనిపిస్తుంది. ఫోటో చుట్టూ గీతలు, కింద పేర్లు, ఒక మూల స్టూడియో ముద్ర.

కాబట్టి అట్ట మీద ఫోటో అంటే మూడు పొరలు. పైన వెండి రేణువులతో ఏర్పడిన బొమ్మను పట్టి ఉంచే తెల్లసొన లేదా జెలటిన్. దాని కింద కాగితం. దాని కింద జిగురు, అట్ట. ఈ పొరలు ఒకే రకంగా నడుచుకోవు. వానాకాలంలో గాలిలో చెమ్మ తాగి జెలటిన్ ఉబ్బుతుంది. ఎండాకాలంలో ముడుచుకుంటుంది. అట్ట ఉబ్బే తీరు వేరు. ఏటా ఈ లాగులాట జరిగి ఫోటో వంగుతుంది, పైపొర పగులుతుంది, పెచ్చులు లేస్తుంది.

అట్టలోనే ఇంకో శత్రువు ఉంది. చవక అట్టను కర్రగుజ్జుతో చేస్తారు. కర్రలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం కాలం గడిచేకొద్దీ ఆమ్లంగా మారి అట్టను గోధుమరంగు చేస్తుంది, అప్పడంలా పెళుసు చేస్తుంది. అట్ట విరిగితే దానికంటి ఉన్న ఫోటో కూడా అదే గీత వెంట విరుగుతుంది. ఇక గంజి జిగురు పురుగులకు మంచి తిండి. చెద, వెండిచేప పురుగు ముందుగా తినేది దాన్నే. పొయ్యి పైన గోడకు తగిలించిన ఫోటో మీద పొగ మసి పడుతుంది. అంచుల వెంట అద్దంలా మెరిసే నీలిపొర కనిపిస్తే, బొమ్మలోని వెండి పైకి తేలిందని అర్థం. దాన్ని మురికి అనుకుని రుద్దకూడదు.

మేము చేసిన పని

మామ్మ ఫోటో విషయంలో మేము చేయగలిగింది తక్కువ. పాత ముక్కను భద్రపరిచాం, అంతే. తరువాతి ఏడాది మా బడి పిల్లవాడు ఒకడు తన ఇంటి అటక మీద దొరికిన గ్రూపు ఫోటో తెచ్చాడు. వరసగా నిలబడ్డ పిల్లలు, మధ్యలో కుర్చీలో మాస్టారు. అట్ట రెండు ముక్కలైంది. ఒక మూల పెచ్చులు లేస్తున్నాయి. ఈసారి తొందరపడలేదు.

ముందు చేతులు కడుక్కుని బాగా ఆరబెట్టుకున్నాం. బల్ల మీద శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, దాని మీద రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టాం. ఫోటోను చేత్తో పట్టుకోకుండా అట్ట అంచులు మాత్రమే పట్టుకున్నాం. ఏదీ ముట్టుకోకముందే ఉన్నది ఉన్నట్టుగా ముందు వైపూ, వెనక వైపూ ఫోటోలు తీశాం. ఇది మొదటి నియమం: ఏ పని చేయకముందు ఉన్న స్థితిని నమోదు చేయాలి.

దుమ్ము తీయడానికి మెత్తని కొత్త బ్రష్షు వాడాం. మధ్య నుంచి అంచులకు, చాలా తేలిగ్గా. పెచ్చులు లేచిన మూలను అసలు ముట్టుకోలేదు. నీళ్లు, సబ్బు, స్పిరిటు, కొబ్బరినూనె, ఏదీ తాకనివ్వలేదు. జెలటిన్ తడిస్తే జిగురవుతుంది, వేలు పెడితే బొమ్మే వేలికి వస్తుంది.

విరిగిన అట్టను అంటించాలని మా అందరికీ చేయి దురదపెట్టింది. అంటించలేదు. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపుపచ్చబడి, దాని జిగురు కాగితంలోకి దిగిపోతుంది. ఫెవికాల్ అంటిస్తే మళ్లీ ఊడదీయలేం. ల్యామినేషన్ వేడికి ప్లాస్టిక్కు ఫోటోకి అతుక్కుపోతుంది. ఈ విద్య తెలిసినవారు అతికించేటప్పుడు గోధుమ గంజి, పలచని జపాను కాగితం వాడతారు. అవసరమైతే రేపు మళ్లీ విడదీయగలగాలి, అదీ వారి నియమం. అంతటి పని కావాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, లక్నోలోని జాతీయ పరిరక్షణ ప్రయోగశాలలోనూ తెలిసినవారున్నారు. మనం ఇంట్లో చేయగలిగింది, వారి దాకా చేరేవరకు ఇంకా పాడుకాకుండా చూడటం.

అద్దానికి ఫోటో అతుక్కుపోయి ఉంటే లాగవద్దు. అద్దంతో సహా అలాగే ఉంచి, అద్దం మీద నుంచే నకలు తీయాలి. అట్ట నుంచి ఫోటోను ఊడదీయవద్దు. అట్ట ఫోటోకి తొడిగిన చొక్కా కాదు, ఒంటి తోలు. స్టూడియో పేరు, ఊరు, తేదీ, చేతిరాత, ఒక్కోసారి జిగురు మరక కూడా సాక్ష్యమే.

తరువాత మండల కేంద్రంలో ఒక స్కానరు మీద, ఫోటోను బోర్లించి గట్టిగా నొక్కకుండా, అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేశాం. టిఫ్ అనే రకం ఫైలుగా దాచాం. అది నొక్కి చిన్నది చేసే ఫైలు కాదు గనుక వివరాలు పోవు. స్కానరు లేని చోట సెల్‌ఫోనూ పనికొస్తుంది. నీడపట్టున పగటి వెలుతురులో ఫోటోను చదునుగా పెట్టి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని, ఫ్లాష్ లేకుండా తీయాలి. ముందూ, వెనకా, అట్టతో సహా. వాట్సాప్‌లో పంపినదాన్ని అసలు నకలుగా దాచుకోవద్దు. పంపేటప్పుడు అది చిన్నదైపోతుంది. మూడు నకళ్లు ఉండాలి, రెండు రకాల సామానులో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

అసలు ఫోటో ముక్కలను దూది గుడ్డతో చేసిన చేతి కాగితంలో చుట్టి, కింద గట్టి అట్ట ఊతం పెట్టి, ఇనప పెట్టెలో బల్లపరుపుగా ఉంచాం. పెట్టెను నేల మీద పెట్టలేదు, బయటి గోడకు ఆనించలేదు. వార్తాపత్రికలో చుట్టవద్దు, అదీ కర్రగుజ్జే. జిగురు పేజీల ఆల్బమ్ వద్దు. వాసనొచ్చే ప్లాస్టిక్ కవర్లు వద్దు. ఫోటో మీద బాల్‌పెన్నుతో రాయవద్దు. రాయవలసింది పైకవరు మీద, ఫోటో లోపల పెట్టకముందే, పెన్సిలుతో. గోడ మీద తగిలించుకోవాలంటే నకలును తగిలించండి.

కంప్యూటర్‌లో ఎంతవరకు?

నకలు మీద చిరుగు పూడ్చవచ్చు, మసక తగ్గించవచ్చు. కానీ మొదటి స్కానును ఎప్పుడూ మార్చకూడదు. ఇంకో నకలు తీసి దాని మీద పనిచేయాలి. ఏమేం మార్చామో పక్కన రాసి పెట్టాలి. అసలులో లేని కన్నునూ, ముక్కునూ కల్పించకూడదు. ఇప్పుడు ఫోన్లలో వచ్చిన కృత్రిమ మేధ యాప్‌లు చెరిగిపోయిన ముఖాన్ని క్షణంలో స్పష్టంగా చేసి ఇస్తాయి. అవి ఆ మనిషిని గుర్తుపట్టి కాదు చేసేది. తాము చూసిన లక్షల ముఖాల నుంచి ఊహించి అతుకుతాయి. ఆ లక్షల్లో గడ్డం మీద పచ్చబొట్లున్న సవర ముఖాలు ఎన్ని ఉంటాయి? రంగు వేయడమూ అంతే. చీర ఏ రంగో చూసినవారు చెప్పకపోతే ఆ రంగు అబద్ధం.

థర్‌స్టన్ కాలంలో మన ముఖాన్ని కొలిచారు. ఇప్పుడు మన ముఖాన్ని దిద్దుతున్నారు. రెండిటిలోనూ ముఖం ఎవరిదో వారిని అడగలేదు.

పేర్లు తిరిగి రాయడం

ఆ గ్రూపు ఫోటో అట్ట వెనక ఏమీ రాసి లేదు. నకలును పెద్దదిగా అచ్చువేయించి, మూడు గూడలకు తీసుకెళ్లాం. మొదటి గూడలో ఎవరూ గుర్తుపట్టలేదు. రెండో గూడలో ఒక తాత చాలాసేపు చూసి, ఎడమ చివర పిల్లవాడి మీద వేలు పెట్టి, “ఈడు నానే” అన్నాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. పేర్లు సవరలో ఎలా పలికారో అలాగే తెలుగు లిపిలో రాసుకున్నాం. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్నదీ రాశాం. ఇద్దరు ఇద్దరి మాటా వేరైతే రెండూ రాశాం. పదకొండు మందికి పేర్లు దొరికాయి. ఆరుగురికి దొరకలేదు. ఆ ఆరు చోట్లా ఊహించి నింపలేదు, ఖాళీగానే ఉంచాం.

సవర రాయడానికి ఇప్పుడు దారులున్నాయి. 1936లో మంగెయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశారు. 2012లో అది కంప్యూటర్ల యూనికోడ్‌లోకీ చేరింది. ఏ లిపిలోనైనా సరే, పేరు మన నోటి ఉచ్చారణలో ఉండాలి.

చనిపోయినవారిని మరచిపోకుండా ఉండే పద్ధతి మనకు కొత్త కాదు. పెద్దలు పోతే గువార్ చేసి రాయి పాతే ఆచారం సవరలది. బియ్యప్పిండితో గోడ మీద వేసే బొమ్మలోనూ పోయినవారికి చోటుంటుంది. సవరలు పూజారి నోట చనిపోయినవారితో మాట్లాడే తీరును పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు 1975 నుంచి చూసి, 1993లో ఒక పుస్తకమే రాశాడు. పాతిన రాయి మీద అక్షరాలుండవు. అయినా ఏ రాయి ఎవరిదో ఊరికి తెలుసు. తెలిసినవారు ఉన్నంతకాలమే ఆ తెలివిడి. ఫోటో కూడా అంతే. పేరు చెప్పేవారు పోయిన మరునాడు అది ‘ఒక గిరిజన స్త్రీ’ అయిపోతుంది, థర్‌స్టన్ పుస్తకంలో బొమ్మలాగే.

కాబట్టి యువతకు మా విన్నపం. దసరా సెలవులకో సంక్రాంతికో ఇంటికి వెళ్లినప్పుడు అటక మీద, పెట్టె అడుగున ఒకసారి చూడండి. దొరికినదాన్ని తుడవకండి, ఊడదీయకండి. రెండు వైపులా నకలు తీసి, ముందుగా ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. ఫోటో ఇంకో పదేళ్లు ఆగగలదు. వారు ఆగలేరు. ఉపాధ్యాయులు మీ బడిలో ఒక ఇనప పెట్టె, ఒక నోటుపుస్తకం పెట్టండి. ఫోటో ఇంటివారిదే, బడిది కాదు. అడగకుండా ఎక్కడా అచ్చువేయవద్దు, ఎవరికీ పంపవద్దు.

మామ్మ కిందటి చలికాలంలో పోయింది. అంతకు ముందు ఒక సాయంత్రం మేము వెళ్లి, ఆమె చెబుతుంటే తల్లి పేరును ఆమె పలికినట్టే రాసుకున్నాం. మూడుసార్లు పలికించుకున్నాం, మాకు సరిగా వచ్చేవరకు. చిరిగిన పాత ఫోటోను ఏమీ దిద్దకుండా, పచ్చబొట్లతో, చెవి బిళ్లలతో, చెద తిన్న అంచులతో సహా నకలు తీయించి, వెనక ఆ పేరు పెన్సిలుతో రాసి ఆమె చేతికిచ్చాం. ఆమెకు చదువు రాదు. వెనక్కి తిప్పి ఆ అక్షరాల మీద వేలు పెట్టి, “ఇక్కడుందా?” అని అడిగింది.

ఉంది అన్నాం.